పేలని ఫిరంగి దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి?

దీపావళి అయిపోయి బడి తెరవగానే తొమ్మిదో తరగతిలో నేను ఏటా ఒకే ప్రశ్న అడుగుతాను. "టపాకాయ వత్తి అంటించారు. సర్రుమని కాలింది. మీరు చెవులు మూసుకున్నారు. కానీ అది పేలలేదు. ఇప్పుడేం చేస్తారు?"

జవాబులు వెంటనే వస్తాయి. "దగ్గరికెళ్ళి ఊదుతాం సార్." "కాలితో తన్ని చూస్తాం." "ఇంకో అగరువత్తి పెడతాం." వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "విప్పి మందంతా కాగితంలో పోసి వెలిగిస్తే భలే మండుతుంది సార్" అంటాడు. వాడికి తరగతి సగం వంత పాడుతుంది. "ఏమీ చెయ్యం, దూరంగా ఉంటాం" అన్న పిల్లలు ఇన్నేళ్ళలో బహుశా పదిమంది ఉంటారేమో. వాళ్ళని పక్కవాళ్ళు పిరికివాళ్ళని వెక్కిరిస్తారు.

ఈ ప్రశ్న నేను ఊరికే అడగడం లేదు. నేను ఆరో తరగతిలో ఉండగా మా పెద్దనాన్నగారింట్లో దీపావళి. మా అన్నయ్య చిచ్చుబుడ్డి ముట్టించాడు. నాలుగు రవ్వలు రాలి అది ఆగిపోయింది. ఊదూ కాలలేదు, పీరూ లేవలేదు అన్నట్టు అందరం నవ్వాం. అన్నయ్య కాస్సేపు చూసి, వెళ్ళి వంగి, ముట్టించిన చోట ఏమైందో చూద్దామనుకున్నాడు. ఆ కాస్సేపు ఎంత? ఇరవై సెకన్లు ఉంటుందేమో. ఆ బుడ్డి అప్పుడు లేచింది. ఎడమ కన్ను పోయింది. ఆసుపత్రిలో మా పెద్దమ్మ ఒకటే మాట అంటూ కూర్చుంది: "ఆరిపోయింది కదురా, ఆరిపోయింది కదా!"

ఆరిపోలేదు. ఆరిపోయినట్టు కనిపించింది. ఆ రెండింటికీ ఉన్న తేడాయే ఈ వ్యాసం. దాన్ని టపాకాయతో కాకుండా ఫిరంగితో చెబుతాను. ఎందుకంటే టపాకాయని మనం ఆటవస్తువు అనుకుంటాం, ఫిరంగిని అలా అనుకోం. లోపల జరిగేది మాత్రం రెండింటిలోనూ ఒకటే.

గోల్కొండ కోట చూసినవాళ్ళు పెట్ల బురుజు మీద పడి ఉన్న పెద్ద ఫిరంగిని చూసే ఉంటారు. దాని పేరు ఫతే రహబర్. ఇలాంటి పాత ఫిరంగులన్నీ మూతి నుంచి మందు కూరేవే. అంటే గొట్టానికి ఒక వైపే తెరిచి ఉంటుంది, రెండో వైపు మూసేసి ఉంటుంది. మూతిలోంచి ముందు మందు సంచి వేస్తారు. దాని మీద గుడ్డో గడ్డో కూరుతారు. ఆ మీద గుండు. వీటన్నిటినీ ఒక పొడుగాటి కర్రతో అడుగుదాకా దట్టిస్తారు. మూసిన వైపు, పైభాగాన, చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. అందులో పోసే సన్నని మందును రంజకం అంటారు. నిప్పు రంజకానికి పెడితే అది లోపలి మందుకు అంటుకుంటుంది. గుండు వెళుతుంది.

ఒక్కొక్కసారి రంజకం బుస్సుమంటుంది, ఫిరంగి మాత్రం పేలదు. రంధ్రంలో ఏదో అడ్డుపడి ఉండవచ్చు. సంచి అడుగుదాకా దిగకపోయి ఉండవచ్చు. మందు చెమ్మగిల్లి ఉండవచ్చు. లేదా మందు సంచి గుడ్డ మూల ఒకటి అంటుకుని, మంట లేకుండా, అగరువత్తిలాగా మెల్లగా కాలుతూ ఉండవచ్చు. బయట నిలబడ్డవాడికి ఈ నాలుగూ ఒకలాగే కనిపిస్తాయి. కనిపించేదల్లా ఒక నల్లటి గొట్టం, కొద్దిగా పొగ. నాలుగో కారణమే అయితే మాత్రం ఆ ఫిరంగి పేలుతుంది, కాస్త ఆలస్యంగా.

నివురు గప్పిన నిప్పు అంటాం గదా. దాన్ని మనం మనుషుల కోపం గురించి చెప్పేటప్పుడు వాడుతున్నాం కానీ, అసలు ఆ మాట పుట్టింది పొయ్యి దగ్గర. పొద్దున బూడిద కదిపితే రాత్రి నిప్పు ఇంకా ఉంటుంది. ఫిరంగి దగ్గర పనిచేసేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఒకసారి పేల్చాక మళ్ళీ మందు వేసే ముందు తడి గుడ్డ చుట్టిన కర్రతో గొట్టం లోపలంతా తుడిచేవారు. నల్లమందు కాలితే దాదాపు సగానికి పైగా ఘనపదార్థాలే మిగులుతాయి. ఆ మసిలో కణకణమంటున్న ముక్క ఒక్కటి మిగిలినా, కొత్తగా వేసిన మందు దట్టిస్తున్నవాడి చేతుల్లోనే అంటుకుంటుంది. తుడిచేటప్పుడు ఇంకొకడు తోలు తొడుగు వేసుకున్న బొటనవేలితో వెనకాల రంధ్రాన్ని గట్టిగా మూసి పట్టేవాడు. లోపలికి గాలి పారితే నిప్పు రాజుకుంటుందని. "ఊదుతాం సార్" అన్న కుర్రవాడు దీన్ని రెండుసార్లు చదవాలి. శతాబ్దాల పాటు ఫిరంగిదారులు ఏ గాలిని ఆపడానికి వేలు కాల్చుకున్నారో, ఆ గాలినే మనవాడు నోటితో పంపిస్తానంటున్నాడు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వేసుకోవాలి. నిప్పు ఆరాలంటే గాలి తగలకుండా చేస్తే చాలని మీరు చదువుకున్నారు. కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లిస్తే ఆరిపోతుంది. మరి పేలని టపాకాయ మీద ఇసుక కప్పితే సరిపోదా? సరిపోదు. నల్లమందు అంటే సురేకారం, బొగ్గు, గంధకం కలిసిన పొడి. ఇందులో నాలుగింట మూడు వంతులు సురేకారమే. సురేకారం అంటే పొటాషియం నైట్రేట్. దాని అణువులో ఒక పొటాషియం, ఒక నైట్రోజన్, మూడు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. అంటే మందు తనకు కావలసిన ప్రాణవాయువును తన మూటలోనే కట్టుకుని వచ్చిందన్నమాట. బయటి గాలితో దానికి పని లేదు. అలా కాకపోతే మూసిన గొట్టం అడుగున, గుండు కింద, గాలి చొరని చోట అది ఎలా కాలుతుంది? బయటి గాలి కావలసింది మెల్లగా కాలుతున్న గుడ్డ ముక్కకు. ఆ గుడ్డ నిప్పు మందుకు తగిలిన తర్వాత గాలి ఆపి లాభం లేదు. పేలని టపాకాయ మీద డబ్బా బోర్లించేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. అది పేలితే డబ్బా ముక్కలు కూడా గుండ్లే అవుతాయి.

ఇప్పుడు ఒక నిజమైన ప్రమాదం గురించి చెబుతాను. నా దృష్టిలో ప్రతి సైన్సు పుస్తకంలోనూ ఉండవలసిన కథ ఇది.

బ్రిటిష్ నౌకాదళంలో థండరర్ అనే యుద్ధనౌక ఉండేది. దాని మీద తిరిగే ఉక్కు గదులు రెండు. ముందున్న గదిలో ఒక్కొక్కటి 38 టన్నుల బరువుండే ఫిరంగులు రెండు. గొట్టం లోపలి వెడల్పు 12 అంగుళాలు. ఇవి కూడా మూతి నుంచి మందు కూరేవే. అంత పెద్ద ఫిరంగిని మనుషులు దట్టించలేరు కాబట్టి, పేల్చిన తర్వాత మూతిని కిందికి వంచి, ఓడ అంతస్తు కింద ఉన్న నీటి ఒత్తిడి యంత్రంతో మందునీ గుండునీ లోపలికి తోసేవారు. 1879 జనవరి 2న ఈ నౌక మర్మరా సముద్రంలో గుండ్లు కాల్చే అభ్యాసం చేస్తోంది. రెండు ఫిరంగులనూ ఒకేసారి పేల్చారు. ఉక్కు గదిలో ఉన్నవాళ్ళకు చెవులు చిల్లులు పడే మోత, గది నిండా పొగ, అదురు. రెండూ పేలాయనే అనుకున్నారు. పేలింది ఒక్కటే. రెండోది మొరాయించింది. ఆ సంగతి గమనించక రెంటినీ మళ్ళీ కిందికి వంచి, మళ్ళీ మందు, మళ్ళీ గుండు తోసి, మళ్ళీ పేల్చారు. ఒక ఫిరంగిలో ఇప్పుడు రెండు మోతాదులు ఉన్నాయి. గొట్టం పగిలి ముందు భాగం ఎగిరిపోయింది. 11 మంది చనిపోయారు, 35 మంది గాయపడ్డారు.

ఇలా జరిగిందని మొదట చాలామంది నమ్మలేదు. అంత పెద్ద ఫిరంగి పేలలేదన్న సంగతి పక్కనే నిలబడ్డవాళ్ళకు తెలియకుండా ఎలా ఉంటుంది అని వాదించారు. లోహంలోనే లోపం ఉందన్నారు కొందరు. వాదన తేల్చడానికి ఏం చేశారో తెలుసా? దానితోపాటు ఉన్న రెండో ఫిరంగిని ఇంగ్లండుకు తీసుకువెళ్ళి, వూలిచ్ అనే చోట, మనుషులను దూరంగా పెట్టి, కావాలనే రెండు మోతాదులు దట్టించి పేల్చారు. అదీ అలాగే పగిలింది. ఇలాంటి పని చేసినప్పుడే నాకు సైన్సు మీద గౌరవం పెరుగుతుంది. ఎవరి మాట గొప్పది అని కాదు, చేసి చూద్దాం అన్నారు. మూతి నుంచి మందు కూరే పద్ధతి వదిలి, వెనక నుంచి కూరే ఫిరంగులకు బ్రిటిష్ నౌకాదళం మారడానికి ఈ ప్రమాదం ఒక ముఖ్య కారణం అయింది. వెనక తలుపు తెరిస్తే లోపల ఏముందో కంటితో చూడవచ్చు.

నన్ను ఆలోచింపజేసేది యంత్రం పాత్ర. చేత్తో దట్టించే రోజుల్లో కర్ర మీద ఒక గీత ఉండేది. ఖాళీ గొట్టంలో కర్ర ఎంతవరకు దిగాలో అక్కడ గీత. లోపల ఏదైనా ఉంటే కర్ర మధ్యలోనే ఆగుతుంది, పట్టుకున్నవాడి చేతికి తెలుస్తుంది. యంత్రం బలమైనదే, కానీ చేతికున్న ఆ తెలివి దానికి లేదు. ఆగినా ఆగకపోయినా తోసేసింది.

ఇది ఓడలోనే కాదు. అమెరికా అంతర్యుద్ధంలో 1863 జులై మొదటి మూడు రోజులు గెటిస్‌బర్గ్ దగ్గర ఘోరమైన పోరు జరిగింది. తర్వాత ఆ మైదానంలో పోగుచేసిన తుపాకులు సుమారు 27 వేలు. వాటిలో దాదాపు 24 వేలు మందు కూరి ఉన్నవే. అందులోనూ సగానికి సగం తుపాకుల్లో రెండేసి మోతాదులు ఉన్నాయి. ఒక తుపాకీలోనైతే 23 మోతాదులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయట. భయం వల్ల కొందరు పేల్చకుండానే కూరుతూ పోయి ఉండవచ్చు. మిగతావాళ్ళ సంగతి థండరర్ సంగతే. చుట్టూ వేల తుపాకుల మోతలో తన తుపాకీ మోగలేదని ఎవడికి తెలుస్తుంది? మోత వినపడింది, కాబట్టి పేలింది అనుకున్నారు. దీపావళి రాత్రి మన వీధిలో పదిమంది ఒకేసారి కాలుస్తున్నప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. ఏది ఎవరిదో, ఏది పేలిందో, ఏది పేలలేదో లెక్క ఉండదు.

సరే, పేలని ఫిరంగిని ఏం చేస్తారు? ఈ పని ఇప్పటికీ అవసరం అవుతోంది. మధ్యప్రదేశ్‌లోని రాయసేన్ కోటలో రంజాన్ నెలలో వేళ తెలపడానికి ఫిరంగి పేలుస్తారు. అమెరికాలో పాత యుద్ధభూముల దగ్గర చరిత్ర చూపించడానికి పాత తరహా ఫిరంగులను గుండు లేకుండా మందుతో మాత్రం పేలుస్తారు. ఇలాంటి ప్రదర్శనలు చేసేవాళ్ళు రాసుకున్న నిబంధనలు చదివితే నాకు చాలా సంతోషం కలిగింది. ఎందుకంటే అందులో మొదటి పని ఏమిటంటే, ఏమీ చేయకపోవడం. నాయకుడు గట్టిగా "పేలలేదు" అని అరిచి చెబుతాడు, అందరికీ తెలియాలని. ఎవరూ కదలరు. ఫిరంగి మూతిని పక్కకు తిప్పరు. మూతి ముందుకు ఎవరూ వెళ్ళరు. వెనక్కీ వెళ్ళరు, ఎందుకంటే పేలితే బండి వెనక్కి తన్నుతుంది. గడియారం చూసుకుంటూ నిలబడతారు. ఎంతసేపన్నది చోటును బట్టి మారుతుంది. కొన్ని నిమిషాలు కావచ్చు, అరగంట కావచ్చు. తమ చోట ఏది రాసి ఉంటే అది, ఒక్క నిమిషం కూడా తగ్గించకుండా.

ఆ తర్వాత ఒక్కడే, పక్క నుంచి, శరీరం రంధ్రం మీదికి వంగకుండా చేయి మాత్రం చాచి, ఇత్తడి ఊచతో రంధ్రం గుచ్చి శుభ్రం చేస్తాడు. ఇనప ఊచ కాదు, ఇనుము ఇనుముకు రాసుకుంటే నిప్పురవ్వ రావచ్చు. కొత్త రంజకం పెట్టి మళ్ళీ ప్రయత్నిస్తారు. అప్పుడూ పేలకపోతే ఇక పేల్చాలన్న పట్టుదల వదిలేసి, రంధ్రంలో నీళ్ళు పోస్తారు. మళ్ళీ ఆగుతారు. తర్వాత మూతిలోంచి కూడా నీళ్ళు. బాగా నానిన తర్వాత, కొసన మెలితిరిగిన కొక్కెం ఉన్న కర్రతో లోపలిదంతా బయటికి లాగుతారు. ఆ కర్ర పట్టుకోవడంలోనూ ఒక కిటుకు ఉంది. బొటనవేలు కర్ర చుట్టూ తిప్పి పిడికిలి బిగించరు. మిగతా వేళ్ళ పక్కనే ఉంచుతారు. ఒకవేళ అప్పుడు పేలినా కర్ర చేతిలోంచి జారిపోతుంది, చేతిని తనతో పట్టుకుపోదు. ఇంత చిన్న విషయం ఎవరో చేయి పోగొట్టుకుంటే గాని తెలిసి ఉండదని నాకనిపిస్తుంది.

ఇదంతా చదివి ఎక్కడైనా ఫిరంగి మీద ప్రయోగం చేయమని కాదు సుమా! ఇది శిక్షణ ఉన్నవాళ్ళ పని. మీరు గమనించవలసింది వాళ్ళ తొందరలేనితనం, నీళ్ళు.

నీళ్ళు ఎందుకు పనిచేస్తాయి? చల్లబరుస్తాయి, అది ఒకటి. రెండోది ఇంకా ముఖ్యం. బొగ్గు నీళ్ళలో కరగదు, గంధకం కరగదు, సురేకారం కరుగుతుంది. అంటే ప్రాణవాయువు మూట నీళ్ళతోపాటు జారిపోతుంది. మిగిలిన బొగ్గు, గంధకం ఒంటరివైపోతాయి. దీన్ని మీరు ఇంట్లో ఏ ప్రమాదమూ లేకుండా చూడవచ్చు. సురేకారం అక్కరలేదు, మామూలు ఉప్పు చాలు. ఉప్పు, బొగ్గుపొడి కలిపి నీళ్ళు పోసి కలిపి, దళసరి గుడ్డలో వడకట్టండి. బొగ్గు గుడ్డలో ఉంటుంది. కింద దిగిన నీళ్ళు నాలుక మీద వేసుకుంటే ఉప్పు ఎక్కడికి పోయిందో తెలుస్తుంది.

ఎన్ని నీళ్ళు కావాలి? ఇది ద్రావణీయత పాఠంలో లెక్క. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 100 గ్రాముల నీళ్ళలో సుమారు 32 గ్రాముల పొటాషియం నైట్రేట్ కరుగుతుంది. 800 గ్రాముల నల్లమందులో సురేకారం దాదాపు 600 గ్రాములు. అదంతా కరగాలంటే దాదాపు రెండు లీటర్ల నీళ్ళు కావాలి. మందు పేలకుండా ఉండటానికి మొత్తం కరగనక్కరలేదు, బాగా తడిస్తే చాలు. కానీ ఒక గ్లాసు నీళ్ళు చల్లి "అయిపోయింది" అనుకోవడం ఎంత తప్పో ఈ లెక్క చెబుతుంది. ఇంకో మాట. తడిసిన మందు ఎండితే నీరు పోతుంది, సురేకారం పోదు, అక్కడే మిగిలిపోతుంది. తడిసిన టపాకాయలు ఎండబెట్టి కాల్చేవాళ్ళు మన ఇళ్ళలో లేరా? ఈనాటి టపాకాయల్లో కొన్నిటిలో అల్యూమినియం పొడి, వేరే రకం లవణాలు కూడా వాడతారు. అవన్నీ సురేకారమంత సులువుగా కరగవు. అందుకే పేలనివాటిని ఒకసారి తడపడం కాదు, బకెట్ నీళ్ళలో రాత్రంతా ముంచి ఉంచాలి.

మందు మీద నీళ్ళ బలం ఏమిటో మన గోల్కొండే చెబుతుంది. 1687లో ఔరంగజేబు సైన్యం కోటను ముట్టడించినప్పుడు గోడల కిందికి సొరంగాలు తవ్వి మందు నింపారు. కోటలోనివాళ్ళు సంగతి కనిపెట్టారు. లోపలి వైపు నుంచి వాళ్ళూ తవ్వి, చేతికందిన మందు తీసేసి, మిగిలిన చోట నీళ్ళు పోశారు. మొగలులు నిప్పు పెట్టారు. లోపలి మందు తడిసి ఉంది, తమ వైపున్నది మాత్రం పొడిగా ఉంది. పేలుడు వెనక్కి, తమ సైనికుల మీదికే వచ్చింది. ఇంకొక సొరంగమైతే పేలనే లేదు. ఎనిమిది నెలలు గడిచాక కోట పడింది గాని, మందుగుండుతో కాదు, లోపలి ద్రోహంతో తలుపు తెరుచుకుంది. చరిత్ర పరీక్షలో ద్రోహం గురించి అడుగుతారు, నీళ్ళ గురించి అడగరు. నాకు అది బాధ.

"కాసేపు ఆగితే చాలు, తర్వాత భయం లేదు" అనుకుంటారేమో. దీనికి రెండు సంఘటనలు చెప్పాలి. న్యూయార్క్ నగరంలో సెంట్రల్ పార్క్ అనే తోటలో ఒక పాత ఫిరంగిని చాలా ఏళ్ళు జనం చూడటానికి పెట్టారు. 1780లో మునిగిపోయిన హస్సార్ అనే బ్రిటిష్ ఓడది అది. తర్వాత దాన్ని లోపల భద్రపరిచి, 2013 జనవరిలో తుప్పు వదిలిస్తుంటే లోపల గుండు, సుమారు 800 గ్రాముల నల్లమందు బయటపడ్డాయి. ఇందాక మనం వేసిన లెక్క ఈ మందుదే. పోలీసులు వచ్చి మందు తీసేశారు. అది ఇంకా అంటుకోగల స్థితిలోనే ఉందట. రెండు వందల ఏళ్ళకు పైగా! ఎంతమంది పిల్లలు దాని మీదెక్కి ఆడుకున్నారో. ఇంకొకటి ఇంత అదృష్టంగా ముగియలేదు. 2008లో అమెరికాలోని వర్జీనియాలో, అంతర్యుద్ధం నాటి పేలని గుండును శుభ్రం చేస్తూ, పాత వస్తువులు సేకరించే ఒకాయన చనిపోయాడు. ఆ గుండు తయారై 140 ఏళ్ళు దాటింది.

కాబట్టి ఆగడం నిప్పు కోసం, నీళ్ళు మందు కోసం. ఒకటి చేసి రెండోది మానితే పని సగమే అయినట్టు.

ఇప్పుడు నా ఫిర్యాదు. ప్రతి సంవత్సరం దీపావళికి పత్రికల్లోనూ, బడి నోటీసు బోర్డు మీదా జాగ్రత్తలు వస్తాయి. నూలు బట్టలు కట్టుకోండి, చేయి చాచి ముట్టించండి, చెప్పులు వేసుకోండి. మంచివే. ఇవన్నీ పేలే టపాకాయ గురించి. పేలని దాని గురించి చివరన ఒక్క వాక్యం, అదీ ఉంటే ఉంటుంది: "పేలని వాటిని ముట్టుకోరాదు." ఎందుకు ముట్టుకోరాదు, ఎంతసేపు ముట్టుకోరాదు, తర్వాత ఏం చెయ్యాలి? ఏమీ ఉండదు. కారణం చెప్పని నిషేధాన్ని పిల్లలు పాటించరు. పాటించాలని నేను అనుకోను కూడా. అది వీధిలో పడి ఉంటే ఎవరో ఒకరు ముట్టుకుంటారు. దీపావళి మర్నాడు పొద్దున్నే సంచులు పట్టుకుని పేలని టపాకాయలు ఏరుకునే చిన్న పిల్లలను మీరు చూడలేదా? వాళ్ళలో చాలామందికి ముందు రాత్రి టపాకాయలు కొనుక్కునే శక్తి ఉండదు. వాళ్ళు బడి నోటీసు బోర్డు చదవరు. మీరు పడేసినదే వాళ్ళు ఏరుకుంటారు. అది గుర్తుంటే "ముట్టుకోరాదు" అని వదిలేయడం ఎంత అన్యాయమో తెలుస్తుంది. ముట్టించినవాడే ఆగి, తడిపి, ఎత్తి బకెట్లో వేసి వెళ్ళాలి.

మా సహోపాధ్యాయుడొకాయన, "పిల్లలకు ఫిరంగులూ మందుగుండూ చెప్పడమెందుకు మాస్టారూ, లేనిపోని ఆసక్తి కలుగుతుంది" అన్నారు. ఆయన భయంలో అర్థముంది. కానీ ఆసక్తి ఇప్పటికే ఉందని నా ప్రశ్నకు వచ్చే జవాబులే చెబుతున్నాయి. టపాకాయ విప్పి మందు పోగుచేసే పద్ధతి వాళ్ళకు నేను నేర్పలేదు. వాళ్ళకు రానిది ఆగడం ఒక్కటే. దాన్ని నేర్పేవాళ్ళు ఎవరూ లేరు. సినిమాల్లో చూడండి, బాంబు పేలకపోతే హీరో దాని మీదికే పరిగెత్తుతాడు. ఆగి గడియారం చూసుకునేవాణ్ణి హీరోగా పెట్టి ఎవరూ సినిమా తీయరు. తీయమని నేనూ అడగను, అది చాలా విసుగ్గా ఉంటుంది. బడిలో మాత్రం ఆ పాఠం ఉండాలి. ప్రయోగశాలలో కూడా మేం పిల్లలకు "ఏం జరిగిందో రాయండి" అంటాం. ఏమీ జరగకపోతే "ప్రయోగం విఫలమైంది" అని కొట్టేస్తాం. "ఏమీ కనిపించలేదు" అన్నది కూడా పరిశీలనే. "ఏమీ జరగలేదు" అన్నది నిర్ణయం. ఈ రెంటి మధ్య గీత గీయడం నేర్పితే, థండరర్ కథ పిల్లలకు మేం చెప్పకుండానే అర్థమవుతుంది.

నిరుడు తొమ్మిదో తరగతి పిల్లలు ఒక పని చేశారు. వీధికి ఇద్దరు చొప్పున పలక, సుద్దముక్క పట్టుకుని, తమ ఇంటి ముందు ముట్టించినవి ఎన్ని, పేలనివి ఎన్ని గీతలు గీశారు. పేలనిది కనిపిస్తే దాని చుట్టూ దూరంగా సుద్దతో వలయం గీసి, టైము రాసి, అరగంట దాటేదాకా ఎవరినీ ఆ వలయంలోకి రానివ్వలేదు. తర్వాత పెద్దవాళ్ళు దూరం నుంచి నీళ్ళు గుమ్మరించి, పొడుగాటి చీపురుతో బకెట్లోకి తోశారు. ఒక వీధిలో వలయంలో ఉన్న ఒక బాంబు ఎనిమిదో నిమిషంలో పేలిందని ఒక అమ్మాయి పలక మీద రాసుకొచ్చింది. ఆ అమ్మాయి తెలుగు అక్షరాలు ఎప్పుడూ తప్పులే, ఆ పలక మీద మాత్రం ఒక్క తప్పు లేదు.

మా అన్నయ్యకు ఇప్పుడు మనవలున్నారు. దీపావళి రోజున సాయంత్రం ఆరు గంటలకే వాకిట్లో కుర్చీ వేసుకుని, రెండు బకెట్ల నీళ్ళు పక్కన పెట్టుకుని కూర్చుంటాడు. మనవడు ఏదైనా పేలలేదని అటు కదిలితే "ఒరేయ్" అంటాడు, అంతే. వాడు ఆగిపోతాడు. అన్నయ్య చేతి గడియారం దీపం వెలుగులోకి తిప్పి చూసుకుంటాడు.